బావ రాసిన బోర్డు

మా బావ బోర్డులు రాసే పెయింటరు. కొండచాటున ఉన్న చిన్న ఇసుకతీరం మా రెండు కుటుంబాలకే దక్కాలని, దారి మొదట్లో ఒక బోర్డు పాతాడు: ‘లోతు ఎక్కువ. ప్రాణాపాయం.’ పచ్చి అబద్ధం. అక్కడ నీళ్లు మోకాలు దాటవు. రంగుడబ్బా పట్టుకున్నది నేనే. రెండేళ్లు అక్కడ డేరా వేసుకుని రాజాల్లా గడిపాం. బోర్డు చూసి చంటిపిల్లలతో వెనుదిరిగిన వాళ్లను చూసి నవ్వుకున్నాం కూడా.

ఈ ఏడు మేనకోడలికి చదవడం వచ్చింది. బోర్డు దగ్గర ఆగి, కూడబలుక్కుని చదివి, బావ చెయ్యి పట్టుకుని ఏడుపు లంకించుకుంది.

“ఏం కాదులేమ్మా,” అన్నాడు బావ.

“వద్దు నాన్నా. మనం చచ్చిపోకూడదని ఎవరో మంచివాళ్లు రాశారు.”

డేరా మోసుకుంటూ ఇంటిదారి పట్టాం. ఆ మంచివాళ్లెవరని దారంతా అడుగుతూనే ఉంది.