పెద్దల మునక

మా ముత్తాత పెనుకొండ నుంచి వచ్చి ధర్మవరంలో పట్టుకు రంగులద్దే ఇల్లు పెట్టాడు. మా తాత కాలంలో పెళ్లిచీర ఎరుపంటే మా తొట్టిలోదే. మగ్గాల యజమానులు వాకిట్లో చెప్పులు వదిలి లోపలికొచ్చి, ఆయన కూర్చోమన్నాకే కూర్చునేవారు. ఆ ఇంట్లో దయ్యం మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఏనాడూ నమ్మలేదు.

నా కాలానికి ఆ ఇల్లు, ఒక్క తొట్టి మిగిలాయి. నేను హిందూపురంలో ఫ్యాక్టరీ యంత్రాలకు ప్రోగ్రాములు రాస్తాను. జీతానికే. ఆ సంగతి దాచను.

కూలీలు దొరక్కపోతుంటే, పట్టు కట్టల్ని రంగులో ముంచి తీసే యంత్రపు చెయ్యి ఒకటి నాయన కోసం నేనే అమర్చాను. వేడి, సమయం, ఎన్ని మునకలు అన్నవి వేరియబుల్స్. సరుకును బట్టి ప్యానెల్ మీద ఎవరైనా మార్చుకోవచ్చు. ఒక్కటి కాన్‌స్టంట్. మా ఇంట్లో మునకలన్నీ అయ్యాక, పోయిన పెద్దల పేరిట అదే తొట్టిలో రంగు చిక్కబరిచి ఇంకొకసారి ముంచుతారు. మా ఎరుపు దానితోనే పూర్తవుతుంది.

“దాన్ని ఎవురి చేతికీ అందనీయాకప్పా,” అన్నాడు నాయన.

అందుకే దాని విలువ ఒకటి అని ప్రోగ్రాములోనే రాసేశాను. ల్యాప్‌టాప్ తగిలించి ప్రోగ్రాము మళ్లీ ఎక్కిస్తే తప్ప అది మారదు.

నాయన పోయాక వచ్చిన మొదటి సరుకు ఒక పెద్ద వ్యాపారిది. నమూనా రంగుతో సరిపోతే ఇక ఆయన పట్టంతా మాకే. తప్పితే అప్పులకు ఇల్లు అమ్ముకోవడమే. చిన్నాయన, నేను తొట్టి దగ్గర నిలబడ్డాం. మునకలన్నీ అయ్యాయి. పెద్దల మునకా అయింది. చెయ్యి పైకి లేచి, ఆగి, మళ్లీ దిగింది.

కట్టలు నల్లటి ఎరుపుకు తిరిగాయి.

సెన్సర్ మార్చాను. వైర్లన్నీ విప్పి చూశాను. ఉత్త నీళ్లతో నడిపితే పెద్దల మునక ఒకటే. పట్టు తగిలిస్తే రెండు. తెర మీద కాన్‌స్టంట్ విలువ ఒకటిగానే ఉంది. రెండోసారి చెయ్యి దిగేటప్పుడు కంట్రోలర్ నుంచి ఆదేశమే వెళ్లలేదు; ఆపే బటన్ నొక్కినా ఆగలేదు. మామూలు మునకలు తగ్గిద్దామంటే రంగు నిలవదు.

“మీ నాయన బతికినన్నాళ్లూ నా మాట ఇనల్యా. పోయినాక ఇంటాడా?” అని చిన్నాయన నవ్వబోయి కళ్లు తుడుచుకున్నాడు. కాసేపటికి, “సున్నా పెట్టప్పా. ఒకటి తగ్గితే సరిపోతాది కదా,” అన్నాడు.

“ఎట్ల పెట్టేది చిన్నాయనా? మన పెద్దలకు సున్నా అని రాయమంటావా?”

“రాయకపోతే ఇల్లు పోతాది.”

ల్యాప్‌టాప్ తెరిచి సున్నా కొట్టాను. దాన్ని యంత్రంలోకి ఎక్కించాల్సిన చోట వేలు ఆగిపోయింది. నాయన పోయి ఇంకా నెల తిరగలేదు. మూసేశాను.

మిగిలిన పట్టూ అట్లాగే ముంచాం. చెయ్యి రెండోసారి దిగేటప్పుడు చిన్నాయన తలగుడ్డ తీసి నిలబడ్డాడు. వ్యాపారి ఒక కట్టను వెలుతురులో పెట్టి చూసి, దాన్ని అక్కడే వదిలి కారెక్కాడు.

యంత్రాన్ని బత్తలపల్లి ఆయన ఒకరు కొన్నారు. ప్రోగ్రాములో నేను ఒక్క అక్షరం మార్చలేదు. అక్కడ పట్టు తగిలించినా పెద్దల మునక ఒకటే పడుతోంది. వెళ్లి నా కళ్లతో చూసొచ్చాను. మా ఇంట్లో రెండెందుకు పడ్డాయో ఇప్పటికీ చెప్పలేను.

ఇల్లు, వెనక బావి ఇంకొకరికి రిజిస్టర్ చేశాం. తొట్టి రాగి తూకానికి పోయింది.