రైలు డ్రైవర్‌కి మందు ఇవ్వని శనివారం

1984లో నేను జెర్సీ సిటీలోని ఒక ఆసుపత్రిలో గుండె జబ్బుల వార్డు నర్సుని. మా వార్డుకి అప్పుడప్పుడూ ఒక సైకియాట్రిస్ట్ వచ్చేవారు. అరవై దాటిన ఆవిడ. ఒక రోజు లిఫ్ట్ దగ్గర నన్ను ఆపి, శనివారాలు తన క్లినిక్‌కి వచ్చి సాయం చేస్తావా అని అడిగారు. "నువ్వు బీపీ చూసేటప్పుడు పేషెంట్ మొహం కూడా చూస్తావు. నాకు అలాంటి మనిషి కావాలి" అన్నారు.

ఆ సాయం ఏమిటో రెండు వారాల తర్వాత గాని పూర్తిగా చెప్పలేదు. ఏళ్ళ తరబడి వైద్యం చేయించుకున్నా అసలు సంగతి దగ్గరికి రాగానే నోరు పెగలని కొందరు రోగులకు ఆవిడ ఒక మందు ఇచ్చి, ఆ రోజంతా పక్కనే కూర్చునేవారు. దాని పేరు ఎండీఎంఏ, బయట కొందరు మత్తు కోసం మింగేదీ అదే. లోపల బిగుసుకుపోయిన భయాన్ని కొన్ని గంటలపాటు అది వదులు చేస్తుందని ఆవిడ నమ్మకం. అప్పటికి దాని మీద నిషేధం లేదు. అలాగని ప్రభుత్వం ఆమోదించిన మందు కూడా కాదు.

మా ఆయనకి ఈ పని మొదటి నుంచీ నచ్చలేదు.

"లైసెన్స్ పోతే ఏం చేస్తావ్? గ్రీన్ కార్డ్ ఇంకా ప్రాసెస్‌లోనే ఉంది."

"ఇల్లీగల్ కాదండీ. డాక్టర్ గారే ఎంక్వయిరీ చేశారు."

"ఇవాళ కాదు. రేపు బ్యాన్ చేస్తే?"

ఆదివారం మా తెలుగు ప్రార్థన కూడికలో పెద్దలు "మా బిడ్డలను మత్తు పదార్థాల నుంచి కాపాడు ప్రభువా" అని ప్రార్థిస్తుంటే నేను కళ్ళు మూసుకోలేకపోయేదాన్ని. గుంటూరులో నాకు నర్సింగ్ నేర్పిన మిషన్ ఆసుపత్రి సిస్టర్లకు తెలిస్తే ఏమంటారో అనిపించేది. అయినా శనివారం వచ్చేసరికి తయారై వెళ్ళేదాన్ని. ఎందుకంటే అక్కడ పని నిర్లక్ష్యంగా జరిగేది కాదు. గుండె పరీక్ష చేయించుకోనిదే ఎవరికీ మందు లేదు. సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళడానికి సొంత మనిషి వచ్చి తీరాలి. చెయ్యి పట్టుకోవాలన్నా ముందు రోజే అడిగి, ఒప్పుకుంటేనే పట్టుకునేవాళ్ళం. మందు ఇచ్చే ముందు ఒక కాగితంలోని ప్రశ్నలన్నీ పైకి చదివి, రోగి చెప్పిన జవాబు విని, గడులలో టిక్ పెట్టడం నా పని.

ఆ చలికాలంలో ఒక రైలు డ్రైవర్ వచ్చాడు. నది కింద సొరంగం గుండా మన్‌హాటన్ వెళ్ళే రైలు నడిపేవాడు. నలభై ఐదేళ్ళుంటాయి. రెండేళ్ళ క్రితం, అతని రైలు స్టేషన్‌లోకి వస్తుండగా ఒకావిడ ప్లాట్‌ఫారం మీంచి పట్టాల మీదికి దిగింది. బ్రేక్ వేసినా లాభం లేకపోయింది. విచారణలో తప్పు లేదని తేల్చారు. కానీ అతను మళ్ళీ రైలెక్కలేదు. నిద్ర లేదు. కుర్చీలో కూర్చున్నా కుడి చెయ్యి మాత్రం లేని బ్రేక్‌ని వెనక్కి లాగుతూనే ఉండేది.

మొదటి రోజు మందు పనిచేయడం మొదలైన గంటకి ఆ చెయ్యి ఆగింది. అతను పైకప్పు వంక చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

"నేను ఆవిడని చూసి నవ్వాను."

డాక్టర్ కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకున్నారు.

"స్టేషన్‌లోకి వచ్చేటప్పుడు ముందు నిలబడ్డవాళ్ళెవరినైనా చూసి నవ్వడం నాకు అలవాటు. ఆవిడ నా వైపే చూస్తోంది. నవ్వాను. అప్పుడు దిగింది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. విచారణలో చెప్పలేదు. నా భార్యకీ చెప్పలేదు."

తర్వాత ఏడ్చాడు. వార్డులో ఎంతోమంది ఏడవడం చూశాను గాని, అంత భయం లేకుండా ఏడ్చిన మగవాణ్ణి చూడలేదు. సాయంత్రం భార్య వచ్చి తీసుకెళ్ళింది. ఆ వారం రోజుకి ఐదారు గంటలు నిద్రపోయాడని ఫోన్ చేసి చెప్పింది.

నెలన్నర తిరగకుండానే చెయ్యి మళ్ళీ కదలడం మొదలైంది. రెండో సారి మందు ఇవ్వడానికి వసంతకాలంలో ఒక శనివారం నిర్ణయించాం.

ఆ శనివారం నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ మొహం చెల్లదు. ముందు రోజు వార్డులో రెండు షిఫ్టులు చేశాను. పొద్దున బస్సులో కాగితం తీసి, ఎలాగూ తెలిసిన మనిషే, మొన్ననే పరీక్షలన్నీ అయ్యాయి అనుకుని, అతన్ని అడగకుండానే గడులన్నీ నింపేశాను. 'కొత్త మందులేమైనా వాడుతున్నారా' అన్న చోట కూడా 'లేదు' అని టిక్ పెట్టాను.

అతను వచ్చాడు. బీపీ చూశాను, బాగానే ఉంది. డాక్టర్ లోపలి గదిలో మందు సిద్ధం చేస్తున్నారు. అతను సాయంత్రం తినడానికి తెచ్చుకున్న పొట్లం నా చేతికిచ్చాడు.

"ఫ్రిజ్‌లో పెడతారా? ఉత్త టర్కీ శాండ్‌విచ్. చీజ్ తినకూడదన్నారు."

"ఎవరు?"

"మా ఫ్యామిలీ డాక్టర్."

"ఎందుకు తినకూడదట?"

అతను కిటికీ వైపు తిరిగాడు. ఆ రోజుల్లో డిప్రెషన్‌కి ఇచ్చే ఒక రకం మాత్రలు వేసుకునేవాళ్ళకి చీజ్ పడదు. బీపీ అమాంతం పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. అలాంటివాళ్ళు మా వార్డుకి వచ్చేవారు. ఆ మాత్రల మీద మా మందు పడితే చీజ్ కంటే ఎన్నో రెట్లు ప్రమాదం.

"ఎన్నాళ్ళ నుంచి వేసుకుంటున్నారు?"

"మూడు వారాలు. చెబితే ఇవాళ కాన్సిల్ చేస్తారని చెప్పలేదు. ప్లీజ్, ఆవిడకి చెప్పొద్దు."

చెప్పాను. డాక్టర్ చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టి, కుర్చీలో కూలబడ్డారు. అతను అరిచాడు. "నేను ఆరు వారాలుగా ఈ రోజు కోసమే బతికాను, మీకేం తెలుసు" అన్నాడు. భార్య వచ్చేదాకా మెట్ల మీదే కూర్చున్నాడు, మా ఇద్దరి మొహాలూ చూడలేదు.

"ఇవాళ నువ్వు లేకపోతే ఏమయ్యేది?" అన్నారు డాక్టర్.

ఆ మెప్పు నన్ను తినేసింది. వారమంతా వంట చేస్తూ, వార్డులో మందులు పంచుతూ, ప్రార్థనలో నిలబడి, అదే ఆలోచన. మా ఆయన ఏమైందని అడిగితే తలనొప్పి అన్నాను. తర్వాతి శనివారం ఆ కాగితం డాక్టర్ ముందు పెట్టి, ఎలా నింపానో చెప్పేశాను.

ఆవిడ కాగితం చివరిదాకా చదివారు. "నేనూ అడగలేదు. నువ్వు అడిగి ఉంటావనుకున్నాను" అన్నారు. ఆ రోజు నుంచి ఇద్దరం వేరువేరుగా అడగాలని, రోగి ఇంట్లో ఉన్న మందు సీసాలన్నీ సంచిలో వేసుకుని తేవాలని నియమం పెట్టారు. నన్ను తిట్టలేదు. తిడితే తేలికయ్యేదేమో.

ఫ్యామిలీ డాక్టర్‌తో మాట్లాడి ఆ మాత్రలు మెల్లగా తగ్గించి ఆపించారు. ఒంట్లోంచి పూర్తిగా పోయేదాకా ఆగాలన్నారు. మేము అలా వారాలు లెక్కపెడుతుండగానే, 1985 వేసవి మొదట్లో, ఎండీఎంఏని నిషేధిస్తున్నారని వార్త వచ్చింది. మా ఆయన పేపర్ మడిచి నా ముందు పెట్టి పనికి వెళ్ళిపోయారు.

డాక్టర్ మందు ఇవ్వడం ఆపేశారు. డ్రైవర్ క్లినిక్ హాలులో నన్ను ఆపాడు.

"ఇంకా ఆ అలమరాలో ఉండే ఉంటుంది. ఒక్కసారి."

"లేదండీ. ఇవ్వను."

"ఆ రోజు మీరు నోరు మూసుకుని ఉంటే నాకు అందేది."

"ఆ రోజు మందు అంది ఉంటే మీరు ఇలా నాతో మాట్లాడేవారు కాదు."

అతను తలుపు విసురుగా వేసి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాడనుకున్నాను. రెండు వారాలకి భార్యతో కలిసి వచ్చాడు. మందు లేకుండా, మామూలు గంట సేపు, వారం వారం రావడం మొదలుపెట్టాడు. ఆకులు రాలే రోజుల్లో ఒక శనివారం, ఆ నవ్వు సంగతి భార్యకి చెప్పాడు. బయట కూర్చున్న నాకు ఆవిడ మాట వినిపించింది. "పాపం, చివరికి ఆవిడని చూసి ఒకరైనా నవ్వారన్నమాట."

ఆ శీతకాలం డాక్టర్ క్లినిక్ మూసేసి రిటైరయ్యారు. నేను వార్డు పనికే పరిమితమయ్యాను. ఆ మందు అతనికి ఎంత మేలు చేసిందో, ఆ తర్వాత మాట్లాడిన నెలలు ఎంత చేశాయో నాకు తెలియదు. రెండో సారి సవ్యంగా ఇచ్చి ఉంటే ఇంకా ముందే కోలుకునేవాడా అన్న ప్రశ్న నన్ను ఇంకా వదలలేదు.

తర్వాతి ఏడాది ఒక మధ్యాహ్నం డ్రైవర్ వార్డుకి ఫోన్ చేశాడు. రైళ్ళు నిలిపే యార్డులో, మనుషులెవరూ లేని ఖాళీ రైలుని ఒక చివర నుంచి ఇంకో చివరకి నడిపాడట.

"ఎలా ఉంది?" అని అడిగాను.

"చేతులు వణికాయి. కానీ ఆపాల్సిన చోట ఆపాను" అన్నాడు. మరుసటి సోమవారం నుంచి కొత్త డ్రైవర్లకి శిక్షణ ఇచ్చే పని ఇస్తున్నారని చెప్పాడు. నాలుగో బెడ్ బెల్ మోగుతుంటే, మంచిదండీ అని ఫోన్ పెట్టేశాను.