వెండెల్ మీదికి వచ్చేవాళ్ళు

వెండెల్ కోవాచ్ ఒక శనివారం ఉన్న మనిషి మరో శనివారం ఉండడు. చొక్కా అదే, మీసం అదే, చేతిలో ఆవాల ముద్ద కారుతున్న హాట్ డాగ్ కూడా అదే. కానీ ఆటకు కూర్చున్నాడంటే లోపలి మనిషి మారిపోతాడు. ఒక వారం గొంతు సవరించుకుంటూ, బొటనవేలితో మోకాలి మీద తాళం వేసుకుంటూ, తెర మీద ఎలుగుబంటి లాంటి కుస్తీవాడిని ఆడిస్తాడు. మరో వారం నడుం పట్టేసినవాడిలా ఒక పక్కకు ఒరిగి, ముక్కుతో బుసలు కొడుతూ, గొలుసు తిప్పే ఒంటికంటి ముసలాణ్ణి ఆడిస్తాడు. కొట్టే పద్ధతి వేరు, ఆగే చోటు వేరు, ఆఖరికి నవ్వు కూడా వేరు. టొలీడోలో ఒక బౌలింగ్ హాలు వెనక గదిలో శనివారం మధ్యాహ్నాలు కొట్లాట వీడియో ఆటలు ఆడుకునే పదిహేను మందీ దీనికి ఒకటే పేరు పెట్టారు. వెండెల్‌కు పూనకం.

పూనేది ఎవరన్నది కూడా వాళ్ళే తేల్చేశారు. వెండెల్ ఉద్యోగం అంత్యక్రియలు జరిపించేవాళ్ళ దగ్గర. పోయినవాళ్ళకు తల దువ్వి, బుగ్గలకు రంగు అద్ది, టై కట్టి, చూడవచ్చినవాళ్ళు "నిద్రపోతున్నట్టే ఉన్నాడు" అనుకునేలా తయారు చేస్తాడు. వారమంతా అలాంటి పెద్దమనుషుల మధ్య గడిపినవాడు శనివారం ఇంకెవరిలాగో కూర్చుంటే ఎవరైనా ఏమనుకుంటారు? పైగా మొదటి రెండేళ్ళూ ఆయన మూల కుర్చీలో కూర్చుని చూడటమే తప్ప బొమ్మను ఆడించే స్టిక్కు ముట్టలేదు. పోయిన అక్టోబరులో ఉన్నట్టుండి ఆడటం మొదలుపెట్టాడు.

బౌలింగ్ బూట్లు అద్దెకిచ్చే రాస్కో ఈ విషయంలో పరిశోధకుడు. శనివారం రాగానే పేపర్లో చావు కబుర్ల పేజీ తెరిచేవాడు.

"ఈ వారం ఎవరంటావ్?" అని గొంతు తగ్గించి అడిగేది జెనీవా ప్రూయిట్.

"గొంతు సవరిస్తున్నాడు కదా. ఇదిగో, హెరాల్డ్ అట. డెబ్బై ఒకటి. నలభై ఏళ్ళు గాజు ఫ్యాక్టరీలో చేశాడు. ఊపిరితిత్తులే అయ్యుంటాయి."

"డెబ్బై ఒక్కేళ్ళాయనకి ఈ ఆట ఎలా వచ్చు?"

"పోయాక బోలెడు తీరిక కదమ్మా."

జెనీవా నవ్వేది కానీ, వెండెల్ పక్కన కూర్చోవలసింది ఆమే. ఎందుకంటే వెండెల్ మీదికి ఎవరు వచ్చినా ఆమెతోనే ఆడతానని పట్టుబట్టేవారు.

జెనీవా బడి బస్సు నడుపుతుంది. అరవై మంది పిల్లలు ఒకేసారి అరిచినా చెక్కుచెదరదు. కానీ ఏటా ఏప్రిల్లో కొలంబస్‌లో జరిగే పోటీకి వెళితే మాత్రం ఆమె చేతులు మంచుగడ్డలైపోతాయి. అక్కడ రెండుసార్లు ఓడితే ఇంటికి. నాలుగేళ్ళు వరసగా వెళ్ళింది, నాలుగేళ్ళూ మొదటి రెండు ఆటలూ ఓడి వచ్చింది. ఒక్కటంటే ఒక్కటి గెలవలేదు. "ఈసారీ గెలవకపోతే స్టిక్కు అమ్మేసి కుట్లూ అల్లికలూ నేర్చుకుంటా" అని అక్టోబరులో అందరి ముందూ అనేసింది. నవ్వుతూ అన్నా, ఆ మాట నిజమని గదిలో అందరికీ తెలుసు.

ఆమె చిక్కు ఒకటే. ఆ ఆటలో పైనుంచి వచ్చే దెబ్బను నిలబడి ఆపాలి. కాళ్ళ మీదికి వచ్చేదాన్ని కూర్చుని ఆపాలి. అన్నీ ఆపుకుంటూ రాయిలా ఉండిపోతే దగ్గరికొచ్చి ఎత్తి పడేస్తారు. ఈ మూడింటినీ కలగలిపి, ఏది ఎప్పుడొస్తుందో తెలియకుండా కొట్టడాన్నే వాళ్ళు మిక్సప్ అంటారు. కుస్తీవాడి మిక్సప్ ఒక రకం, గొలుసు ముసలాడిది ఒక రకం. తెలిసిన మొహాలతో ఆడినప్పుడు జెనీవా బాగానే ఆపేది. తెలియనివాడు పక్కన కూర్చుంటే చాలు, బెదిరి తప్పు వైపు దూకేది.

వెండెల్‌తో ఆట ఇంకా అన్యాయం. గోడ అవతల బౌలింగ్ బంతి దొర్లుకుంటూ వచ్చి కొయ్యలు ఫెళ్ళున కూలేవి. తెర వెలుగులో ఆయన మొహం తనది కానట్టు ఉండేది. ఆయన చేతుల నుంచి పౌడరు వాసన. చెవి దగ్గరగా, తనది కాని గొంతుతో, "ఇప్పుడు కూర్చుంటావు" అనేవాడు. ఆమె అప్పటికే కూర్చుని ఉండేది. నెత్తి మీద దెబ్బ పడేది.

"వెండెల్, నిజం చెప్పండి. ఇవాళ ఎవరు?"

"ఎవరో ఒకరు. మూలకి చేరాక కంగారుపడతావని వాళ్ళు కనిపెట్టేశారు. ఆడు, ఆడు."

ఫిబ్రవరిలో ఒక శనివారం ఆయన కాలు మీద కాలేసుకుని, తెర మీద విసనకర్ర పట్టుకున్న నాజూకు పిల్లను ఎంచుకున్నాడు. ఎత్తి పడేసేముందు ప్రతిసారీ సన్నగా, ఎలుక కీచుమన్నట్టు నవ్వాడు. యాభై ఎనిమిదేళ్ళ మీసాల మనిషి నోట్లోంచి ఆ నవ్వు వినేసరికి గదిలో ఒకళ్ళొకళ్ళుగా బయటికి జారుకున్నారు. రాస్కో పేపరు తెరిచాడు.

"మఠం సన్యాసినమ్మ ఒకావిడ పోయింది. తొంభై మూడేళ్ళు."

"సన్యాసినమ్మా? పదకొండుసార్లు జుట్టుపట్టుకుని నేలకేసి కొట్టింది నన్ను!"

"ఇన్నేళ్ళూ మనసులో ఏం దాచుకుందో పాపం."

ఆ రోజు జెనీవా బస్సు షెడ్డు దాకా వెనక్కి తిరిగి చూసుకుంటూనే వెళ్ళింది. అయినా మళ్ళీ శనివారం వచ్చింది. చచ్చినవాళ్ళతో ఓడిపోవడం అలవాటయ్యాక ఉత్త ఓటమి అంత భయంకరంగా అనిపించడం మానేసింది. పైగా మూడు గంటలు తన్నులు తిన్నాక, ఏ వారానికావారం, వచ్చినవాళ్ళ లెక్క ఆమెకు కొద్దికొద్దిగా అందుతుండేది.

ఏప్రిల్లో కొలంబస్ వెళ్ళేరోజు వెండెల్ రాలేదు. ముగ్గుర్ని తయారు చేయాలని కబురు పెట్టాడు. పెద్ద హాలు, వందలమంది జనం. జెనీవా మొదటి ఆటకు డేటన్ నుంచి వచ్చిన ఆకుపచ్చ టోపీ బక్కాయన పక్కన కూర్చుంది. ఎప్పుడూ చూసిన మొహం కాదు. ఆయన గొంతు సవరించుకున్నాడు. బొటనవేలితో మోకాలి మీద తాళం వేశాడు. కుస్తీవాడిని ఎంచుకున్నాడు.

జెనీవా గుర్తుపట్టేసింది. గాజు ఫ్యాక్టరీ హెరాల్డ్. తల తిప్పకుండా కళ్ళు మాత్రం తిప్పి, ఆయన ఛాతీ కదులుతోందో లేదో చూసింది.

"ఏంటండీ, అలా చూస్తున్నారు?" అన్నాడాయన.

"మీరు... బతికే ఉన్నారా?"

"పొద్దున్నే మూడు డోనట్లు తిన్నా. ఏం, అలా కనిపించట్లేదా?"

ఆట మొదలైంది. ఆయన ఆమెను మూలకు తోశాడు. పైన ఒకటి, కింద ఒకటి, మళ్ళీ కింద. బొటనవేలు బటన్ల పక్కనే టకటకలాడుతోంది. ఉన్నట్టుండి ఆ టకటక ఆగింది. అది ఆగితే ఎత్తి పడేయబోతున్నట్టే. నవంబరంతా ఆమె నేర్చుకున్నది అదే. తప్పించుకుని వెనక్కి కొట్టింది. మరో రెండు నిమిషాల్లో గెలిచేసింది. నాలుగేళ్ళలో మొదటి గెలుపు. సంతోషించాలో పారిపోవాలో ఆమెకు తెలియలేదు.

రెండో ఆటకు ఫోర్ట్ వేన్ నుంచి వచ్చిన ఒక నర్సు. వచ్చీ రాగానే కాలు మీద కాలేసుకుంది. సన్నగా, ఎలుక కీచుమన్నట్టు నవ్వింది. జెనీవా స్టిక్కు కింద పెట్టేసింది.

"ఒక్కమాట చెప్పండి. మీ ఊరికి మీసాలాయన ఎవరైనా వచ్చారా?"

"జనవరిలో వచ్చాడు, ఒక ఆదివారం. నాలుగు గంటలు నా వెనకే కుర్చీ వేసుకున్నాడు. ఆడమంటే ఆడడు. నా కాళ్ళకేసి చూస్తాడు, చిన్న పుస్తకంలో రాసుకుంటాడు. నిజం చెప్పొద్దూ, నాకు భయమేసింది."

"నాకు ఆర్నెల్ల నుంచి వేస్తోంది" అంది జెనీవా. కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ ఆటా గెలిచింది. తర్వాతిదీ గెలిచింది. ఆ పైన వెండెల్ పోని ఊళ్ళవాళ్ళు ఇద్దరు తగిలి ఆమెను ఇంటికి పంపించారు. అయినా దారి పొడుగునా పాట పాడుకుంటూనే వచ్చింది.

తర్వాతి శనివారం గదిలో పంచాయతీ జరిగింది.

"అయితే హెరాల్డ్ రాలేదన్నమాట" అన్నాడు రాస్కో నీరసంగా.

"హెరాల్డ్ పాపం ఎక్కడికీ రాలేదు. వెండెల్, ముందే చెప్పొచ్చు కదా?"

"చెబితే పేర్లు వినే బెదిరిపోయేదానివి. తెలియనివాళ్ళంటేనే కదా నీకు భయం. అందుకని కొలంబస్‌కు వచ్చే తెలియనివాళ్ళనే చూసొచ్చి తెచ్చాను."

"అంత అచ్చం ఎలా తెచ్చారు?"

"నా పనే అది. పోయినాయన తల ఎటు వాల్చేవాడో, నవ్వితే మూతి ఎటు పోయేదో ఇంట్లోవాళ్ళని అడిగి పట్టుకోవాలి. లేకపోతే పిల్లలొచ్చి 'ఈయన మా నాన్న కాదు' అంటారు. అంతకంటే నరకం లేదు."

"మేం దయ్యాలనుకుంటున్నట్టు మీకు తెలుసా?"

"తెలుసు. రాస్కోకి ఆ పేపరు వారం వారం తెచ్చిస్తున్నది ఎవరనుకున్నావ్?"

రాస్కో పేపరు మడిచి పక్కన పెట్టేశాడు. జెనీవా ఖాళీ కుర్చీ లాగింది.

"ఇవాళ ఎవరొస్తున్నారు?"

"పోటీ అయిపోయింది. ఇంకెవరూ లేరు."

"అయితే మీరే ఆడండి."

అందరూ తెర చుట్టూ చేరారు. వెండెల్ వెండెల్‌గా ఆడగా అక్కడ ఎవరూ చూడలేదు. ఆయన రెండుసార్లు కాదన్నాడు, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు, చివరికి కూర్చున్నాడు. ఎగిరి తన్నాడు. మళ్ళీ ఎగిరి తన్నాడు. మూడోసారీ ఎగిరి తన్నడమే. మిక్సప్ లేదు, మాయా లేదు. జెనీవా ఊరికే నిలబడి అన్నీ ఆపేసింది. ఆట నిమిషంలో ముగిసింది.

"ఇంతేనా?" అన్నాడు రాస్కో.

"ఇంతే" అన్నాడు వెండెల్ చెవులు ఎర్రబడి. "అందుకే ఈయన్ని ఎప్పుడూ తీసుకురాను."

జెనీవా తన కుర్చీని ఆయన పక్కకు జరిపింది. "మీరు ఎగిరితే నేను నిలబడతానని మీకు తెలుసు కదా పెద్దాయనా. దిగాక కాళ్ళ మీద కొట్టండి. మళ్ళీ ఎగరండి."

వెండెల్ ఎగిరాడు. దిగాడు. ఒక్క క్షణం ఆలోచించి, కిందికి కొట్టాడు. జెనీవా నిలబడే ఉంది. దెబ్బ తగిలింది.

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మీసాల కింద ఒక వంకర నవ్వు వచ్చింది. అది డేటన్‌దీ కాదు, ఫోర్ట్ వేన్‌దీ కాదు.

"తగిలింది!"

"తగిలింది. కూర్చోండి, ఇంకా ఆట అవ్వలేదు" అంది జెనీవా. "ఈసారి ఎటు కొడతారో నాకు తెలియనివ్వకండి."