బంతి రాని పక్కన నిలబడిన చాచా

మా చాచా పోయారు. బుధవారం మధ్యాహ్నం మెస్సులో అన్నం తింటుంటే మా జట్టు నర్సయ్య ఫోను తెచ్చి నా చెవి దగ్గర పెట్టాడు. ఆస్పత్రిలో చాచాను చూడ్డానికి వెళ్లిన డ్రైవరు గొంతు అందులో వినబడింది. గుండె ఆగిపోయిందట. ఆ పొద్దున్నే నాతో మాట్లాడి, "శుక్రవారానికి లేచొస్తాలే అబ్బీ" అన్న మనిషి. ఆ మాట పట్టుకుని నేను నిశ్చింతగా ఉన్నాను.

చాచా అని పిలిచేవాళ్లమే గానీ ఆయన మాకెవరికీ చుట్టం కాదు. ఆయనది కడప వైపు, నాది జగిత్యాల వైపు. సౌదీలో, రాబిగ్‌లోని మా క్యాంపు ఏసీలన్నీ చూసే సూపర్‌వైజరు ఆయన, నేను టైమ్‌కీపర్ని. మమ్మల్ని కలిపింది ఇక్కడ ఎవరూ ఊహించని ఆట, అమెరికా వాళ్ల ఫుట్‌బాల్. ప్రతి శుక్రవారం ఆడే ఆ ఆటకు ఆయన మా కోచ్. ఇంటికి ఫోన్ చేసి ఫుట్‌బాల్ అంటే మా ఆవిడ ఇప్పటికీ కాలితో తన్నేదే అనుకుంటుంది.

ఆయన కూతురు ప్రొద్దుటూరులో ఉంటుంది. ఇక్కడే మట్టి చేయడానికి ఒప్పుకుంది. మర్నాడు సాయంత్రం అసర్ నమాజు తర్వాత తీసుకెళ్లారు. నేనూ నర్సయ్యా గోరీల గేటు బయటే నిలబడ్డాం. మేము లోపలికి వెళ్లవచ్చో లేదో తెలియదు, అడగాలంటే మొహమాటం. పని తొందరగానే అయిపోయింది. వచ్చినవాళ్లు చేతుల మట్టి దులుపుకుని బండ్లెక్కారు. గదికి చేరేసరికి ఆ అమ్మాయి ఫోను. ఏడుపు ఆపుకుంటూ ఒక్కటే అడిగింది.

"అన్నా, ఇన్నేండ్లు మా నాయన ఆడ ఒంటరిగానే ఉండినాడా? నిజం చెప్పన్నా."

"అయ్యో, గట్లెందుకంటవమ్మా, మేమందరం లేమా" అన్నాను. నా చెవికే అది ఉత్త ఊరడింపు మాటలా వినబడింది. ఆమెకూ అలాగే వినబడినట్టుంది, "సరేన్నా" అని పెట్టేసింది. ఆ ప్రశ్న మాత్రం నన్ను పట్టుకుంది. ఆయన ఒంటరిగా ఉన్నారా? నాకు తెలిసిన చాచాను మొత్తం తిరగేసుకుంటే తప్ప జవాబు చెప్పలేను.

వయసులో ఉన్నప్పుడు ఆయన దమ్మాం వైపు ఒక కాంపౌండులో పనిచేశారు. అక్కడి అమెరికా ఇంజనీర్లు వారం వారం ఈ ఆట ఆడేవాళ్లు. మనిషి తక్కువైనప్పుడు ఈయన్ని దింపి ఒక చివర నిలబెట్టేవాళ్లట. బంతి మాత్రం ఇచ్చేవాళ్లు కాదట. "అయినా పరిగెత్తేటోన్ని" అని చెప్పి నవ్వేవారు. ఆ చివర నిలబడే ఆట మొత్తం నేర్చుకున్నారు.

మేము ఆడేది ఒకరినొకరు పడదోసుకునే రకం కాదు. అందరి నడుముకూ గుడ్డ పట్టీలు వేలాడుతుంటాయి. బంతి ఉన్నవాడి పట్టీ లాగేస్తే వాడు ఆగిపోవాలి. బంతి అందుకుని మిగతావాళ్లకు విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. మేమంతా కబడ్డీ, క్రికెట్టు ఆడి పెరిగినవాళ్లం కాబట్టి పట్టీ మీదికొచ్చే చేతిని తప్పించుకోవడం మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. క్రికెట్టుతోనే చిక్కొచ్చింది. బంతి పట్టగానే క్యాచ్ పట్టిన సంబరంతో దాన్ని పైకి ఎగరేసేవాళ్లం. అది కింద పడితే ఆట అక్కడికి ఆగిపోతుంది. చివరి గీతదాకా పరుగెత్తాల్సినవాడు నడి మైదానంలో చేతులు చాపి గెంతుతుండేవాడు. చాచా ఇసుకలో కూలబడి తల పట్టుకునేవారు.

"ఒరే అబ్బీ, ఔటయ్యింది ఎవుర్రా?"

ఆ రోగం కుదరడానికి చాలా కాలం పట్టింది. నర్సయ్య రోగాన్ని మాత్రం ఆయన కుదర్చలేదు, వాడుకున్నారు. నర్సయ్యది నిర్మల్ వైపు. ఊళ్లో కవర్స్‌లో నిలబడి, దొర్లుతున్న బంతిని అందుకుని పరుగు మీదే వికెట్లకు కొట్టిన చెయ్యి. ఒకచోట నిలబడి విసరమంటే బంతి ఎటో పోయేది. "నిలబడి ఇసరడం నీకు రాదులే, నేనూ నేర్పను. కుడి పక్కకు పరిగెత్తుతా ఇసురు" అన్నారు చాచా. దాన్ని రోల్‌అవుట్ అంటారట. అవతలివాడు నేరుగా మీదికి దూసుకొచ్చేసరికి క్వార్టర్‌బ్యాక్ అక్కడ ఉండడు, పక్కకు వెళ్లిపోయి ఉంటాడు. మైదానంలో సగాన్ని వదిలేసి, తను పోతున్న సగాన్నే చూస్తాడు. అటు దగ్గర్లో ఒకడు, దూరంగా ఒకడు మనవాళ్లుంటారు. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లకు విసరాలి. ఇద్దరికీ కాపలా ఉంటే మొండికెయ్యకుండా బంతిని గీత బయటికి పారెయ్యాలి. "భుజం అటు తిరిగినంకనే చెయ్యి ఇసురు" అని చాచా వెంటపడి చెబుతుండేవారు. మా ఆటంతా ఈ ఒక్క ఎత్తు మీదే నడిచింది.

వదిలేసిన ఆ సగంలో కూడా ఒకడుంటాడు. అది నేను.

నా పని కుడివైపు ఆట నడుస్తుంటే ఎడమవైపు ప్రాణం పెట్టి పరుగెత్తడం. బంతి నాకు రాదు. రాకూడదని చాచా కట్టడి. ఒకసారి నేను నిజంగానే ఖాళీగా ఉండి చేతులూపి అరిస్తే, నర్సయ్య జాలిపడి వెనక్కి తిరిగి నా వైపు విసిరాడు. అంత దూరం రావడానికి బంతి గాల్లో తీరిగ్గా తేలింది. మధ్యలో మాతో ఆడుతున్న ఫిలిప్పీన్స్ వాళ్ల జట్టువాడు వచ్చి, సొంత సొమ్ములా అందుకుని పోయాడు. చాచా కోప్పడలేదు.

"ఖాళీగా ఉండేటోడు దూరంగా ఉంటాడు అబ్బీ. ఆడికి పోయేలోపల దావలో ఎవురో ఒకరు పట్టుకుంటారు."

ఆ జట్టుతోనే ఒక సాయంత్రం చివరి ఎత్తులో మేము గెలిచాం. నర్సయ్య కుడికి పరుగెత్తి మూలన ఉన్నవాడికి విసిరాడు. అందరూ వాళ్లిద్దర్నీ ఎత్తుకుని గంతులేశారు. నేను అవతలి చివర ఒంటరిగా నడుము పట్టుకుని నిలబడ్డాను. ఒళ్లు మండింది. అప్పటికే చాచా నా దగ్గరికి నడిచి వస్తున్నారు.

"ఇగ నేను రాను చాచా. బంతి నాకు రాకపాయె, గీ ఎండల ఎందుకు ఉరుకాలె?" అన్నాను.

"నీ ఎంబడి ఎంతమంది వచ్చినారో సూసినావా? ఇద్దరు. ఒకడు సాలకపాయె నీకు. నువ్వు పరిగెత్తకుంటే వాళ్లిద్దరూ ఆ మూలకు పోతాండ్రి. నర్సయ్యకు ఆ జాగా ఎవురిచ్చినారనుకున్న్యావ్?"

"అది ఎవలకు కనబడుతది చాచా?"

"నాకు కనపడతాది ల్యా" అని, జేబులోంచి ఉడకబెట్టిన శనక్కాయలు తీసి నా చేతిలో పోశారు. అప్పుడు గాని నేను గమనించలేదు. ఏ కోచ్ అయినా బంతి ఉన్న పక్కన నిలబడి అరుస్తాడు. ఈయన ప్యాంటు మడిచి, ఎప్పుడూ నా పక్కనే, అంటే ఏమీ జరగని పక్కన నిలబడేవారు. అక్కడినుంచే నర్సయ్యకు అరిచి చెప్పేవారు. ప్రతి ఎత్తు తర్వాత ముందు నా ముఖం చూసేవారు. ఈ దేశంలో ఇన్నేళ్లుగా నా ముఖం చూసి నా సంగతి తెలుసుకున్న మనిషి ఆయనొక్కరే. ఆ రోజు నుంచి రానని మళ్లీ అనలేదు.

ఇంటి సంగతులు ఆయన తక్కువ మాట్లాడేవారు. కూతురు చిన్నగా ఉన్నప్పుడే భార్య పోయింది. పిల్ల అవ్వ దగ్గర పెరిగింది. చదువూ పెళ్లీ అన్నీ ఈయన ఇక్కడినుంచే చేశారు. "పెండ్లిలో నన్ను జూసి, ఈయనెవురని అడిగినారబ్బీ అల్లుడి పక్కోల్లు" అని ఒకసారి నవ్వుతూ చెప్పారు. నాకు నవ్వు రాలేదు. ఆయన శనక్కాయ ఒలుచుకుంటూ మైదానం వైపు తిరిగిపోయారు.

చాచా పోయాక వచ్చిన మొదటి శుక్రవారం గ్రౌండుకు ఎవరూ రాలేదు. నేను వెళ్లి, ఖాళీ ఇసుకను కాసేపు చూసి, తిరిగొచ్చి పడుకున్నాను. తర్వాతి శుక్రవారం నర్సయ్య గదిగదికీ తిరిగి అందర్నీ లాక్కొచ్చాడు. నేను ఆడలేనన్నాను. నా చోట గంగాధర్‌ను నిలబెట్టారు. కొత్తగా వచ్చిన మనిషి, ఇంటి మీద బెంగతో ఎవరితోనూ కలవడు. ఆట మొదలయ్యాక నేను చాచా కూతురికి వీడియో కాల్ చేశాను.

"ఇదే గ్రౌండమ్మా" అని అంతా చూపించాను. నర్సయ్య చెయ్యూపాడు. ఆ అమ్మాయి అందర్నీ మర్యాదగా చూసి, "మా నాయన యాడ నిలబడతాండె అన్నా?" అంది.

నేను మైదానం దాటి ఎడమవైపు గీత దగ్గరికి వెళ్లి, ఫోను ఎత్తి పట్టుకున్నాను. నర్సయ్య బంతి అందుకుని కుడికి కదిలాడు. మనుషులంతా అటే పోయారు. కేకలు అటే పోయాయి. ఫోన్లో ఇసుక తప్ప ఏమీ లేదు. ఆ ఇసుకలోంచి ఒక్క మనిషి మా వైపు వస్తున్నాడు, గంగాధర్, తల వంచుకుని, బంతి తనకే వస్తుందన్నంత గట్టిగా. అతని వెనకే అవతలి జట్టువాడొకడు. గంగాధర్ గీత దగ్గర ఆగి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వగర్చాడు. వెంట వచ్చినవాడు కూడా వెనక్కి తిరిగి కేకల వైపు పోయాడు. గంగాధర్ వైపు ఎవరూ చూడలేదు.

ఆమె ఫోనుకు ముఖం దగ్గరగా తెచ్చి చూసింది. నాయన ఒంటరిగానే ఉండినాడా అని మాత్రం మళ్లీ అడగలేదు.

"అన్నా" అంది, "ఆయప్ప చానా ఆయాసపడతాండాడు. నీళ్లియ్యన్నా."

నేను సీసా తీసుకుని గంగాధర్ దగ్గరికి నడిచాను. అతను తలెత్తి నన్ను చూశాడు, తర్వాత నా చేతిలోని ఫోన్లో ఎవరో తెలియని ఆడమనిషి ముఖాన్ని చూశాడు. సీసా అందుకున్నాడు. అతను తాగడం అయ్యేదాకా ఆమె అలాగే చూస్తూ ఉంది.