బండి మారకుండా మంచు దాకా

ఆ రోజుల్లో వరంగల్‌లో మాకు మంచు రెండే రూపాల్లో తెలుసు. ఒకటి, ఎండాకాలం తోపుడుబండి మీద చెక్కి, ఎర్ర రంగునీళ్ళు పోసి ఇచ్చే గోలా. రెండోది, పెళ్ళిళ్ళకు రిక్షాలో తెచ్చే పెద్ద దిమ్మ; కరగకుండా దాని మీద ఊక చల్లి గోనెసంచి చుట్టేవాళ్ళు. అంతకు మించి మంచుతో ఏ పరిచయమూ లేని నలుగురు కుర్రాళ్ళు స్కీయింగ్‌కు పోవాలనుకోవడం, ఎక్కడికి పోవాలన్నదాని మీద సగం చలికాలం కొట్లాడుకోవడం ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ కొట్లాటలో పెద్ద వాటా నాదే. ఆ సంగతి నాకు అర్థం కావడానికి ఇన్నేళ్ళు పట్టింది గానీ, మిగతా ముగ్గురికీ అప్పుడే తెలుసు.

మేం నలుగురం హన్మకొండలో ఒకే కాలేజీలో చదివి, ఎనభైల నడుమ తలో దారి పట్టబోతున్నవాళ్ళం. మేం లోకో అని పిలిచేవాడి నాన్న కాజీపేటలో ఇంజన్ డ్రైవరు. ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో వాణ్ణి నిద్రలేపి అడిగినా చెప్పేవాడు. పాస్టర్ అసలు పాస్టర్ కాదు, వాళ్ళ తాత పాస్టర్, నాన్న మిషన్ దవాఖానలో కాంపౌండరు. మావాడు మాత్రం ఆదివారం ప్రార్థనలో కూచునే కునికేవాడు. మగ్గం కాశిబుగ్గ నేతకారుల ఇంటి పిల్లవాడు, డిగ్రీ చదువుతూనే తండ్రి పక్కన మగ్గం మీద కూచునేవాడు. నేను ప్రెసిడెంటును. ఎన్నిక ఏదీ జరగలేదు. ఎవరూ అడక్కముందే అన్నింటికీ తీర్పు చెబుతానని వాళ్ళే పెట్టిన పేరు అది. (చాలా ఏళ్ళు దాన్ని గౌరవం అనుకున్నాను.) నాకు అప్పుడే బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. లోకోకు వేసవిలోగా రైల్వేలో చేరమని పిలుపు వచ్చింది, అదీ ఎక్కడో దూరాన. నలుగురం కలిసి ఎక్కడికైనా పోవాలంటే ఆ చలికాలమే చివరి అవకాశం.

స్కీయింగ్ అనే పురుగు మా బుర్రలో దూరింది పాస్టర్ ఇంటి గోడ మీంచి. దవాఖానకు విదేశాల నుంచి వచ్చిన ఒక పాత క్యాలెండరు వాళ్ళింట్లో వేలాడుతూ ఉండేది. అందులో ఫిబ్రవరి బొమ్మ చాలా బాగుంటుందని వాళ్ళమ్మ ఆ పేజీ దగ్గరే ఆపేసింది. వాళ్ళింట్లో కొన్నేళ్ళుగా ఫిబ్రవరే నడుస్తోంది. తెల్లటి కొండ మీంచి, కాళ్ళకు రెండు పొడుగాటి చెక్కలు కట్టుకుని, ఎర్ర టోపీ పెట్టుకుని ఒకాయన గాల్లో తేలినట్టు దిగుతుంటాడు. "గీయన జేసింది మనం జేయలేమా?" అన్నాడు లోకో. అంతే. కాశిబుగ్గ అవతల ఒక రైసుమిల్లు వెనక రెండంతస్తుల మేడంత ఊక గుట్ట ఉండేది. వెదురు బద్దలు చీల్చి, ముందువైపు సెగమీద వంచి, పాత సైకిల్ ట్యూబు ముక్కలతో కాళ్ళకు కట్టుకుని, ఆ గుట్టెక్కి దిగడం మొదలుపెట్టాం. నిజానికి దిగింది తక్కువ, పడింది ఎక్కువ. మొదటిరోజు నేను "చూడుండ్రి, మోకాళ్ళు గిట్ల వంచాలె..." అని చెబుతూ చెబుతూ పడ్డాను. నోరు తెరిచి ఉండటంతో పిడికెడు ఊక లోపలికి పోయింది. రెండు రోజులు ఏది తిన్నా ఊకే తగిలింది. మిల్లు కాపలా ముసలాయన బీడీ ఆర్పి వచ్చి, "ఓ పంతులూ, పడేటప్పుడు జర నోరు మూసుకో. ముచ్చట లేచినంక చెప్పొచ్చు," అన్నాడు. మా శిక్షణ మొత్తంలో పనికొచ్చిన పాఠం అదొక్కటే.

గుట్ట దిగడం కాస్త వచ్చాక అసలు తగాదా మొదలైంది: ఎక్కడికి? నాకు సందేహం లేదు, కుఫ్రీ. సిమ్లా పక్కనుంటుంది. మా బ్యాంకు మేనేజరు పెళ్ళైన కొత్తలో చూసొచ్చి, ఆ పేరు పలికినప్పుడల్లా కళ్ళు సగం మూసేవాడు. ఆ మాట పట్టుకుని నేను బ్రాంచిలో అందరికీ, టీ తెచ్చే పిల్లవాడితో సహా, కుఫ్రీ పోతున్నామని చెప్పేశాను. స్నేహితులకు చెప్పడమే మిగిలింది. కాజీపేట స్టేషన్ ఎదుట చాయ్ హోటల్లో ఆ పని కూడా పూర్తిచేశాను.

"మీ మేనేజరు కొత్త పెండ్లాంతోని పోయిండు. ఆయన మంచును జూసిండంటే నేను నమ్మ," అన్నాడు పాస్టర్.

లోకో మాత్రం వేళ్ళు మడిచి లెక్క చెప్పాడు. "కుఫ్రీ పోవాల్నంటే ఢిల్లీల బండి మారాలె, కాల్కాల మారి చిన్న బండెక్కాలె. మగ్గం గాళ్ళమ్మ ఒప్పుకోదు. వారానికోసారి మన వరంగల్ మీదికెళ్ళి జమ్మూ దాకా పొయ్యే బండి ఉన్నది. గీడ ఎక్కుడు, గాడ దిగుడు. ఆడికెళ్ళి బస్సుల గుల్‌మార్గ్ పోదాం."

మగ్గం వాళ్ళమ్మ షరతు గురించి చెప్పాలి. ఆమె తమ్ముడు ఒకప్పుడు సోలాపూర్‌కు నేతపనికి పోతూ, వాడి అనే జంక్షన్‌లో బండి మారబోయి, ఎదురుగా ఉన్నది ఎక్కి మద్రాసులో తేలాడు. సద్దిమూట ఒక బండిలో, మనిషి ఇంకో బండిలో. ఇల్లు చేరేసరికి గడ్డం పెరిగి గుర్తుపట్టలేనట్టు ఉన్నాడట. అప్పటి నుంచి ఆమెకు ఒకటే నియమం: "ఒక్క బండైతే ఢిల్లీకి పో, లంకకు పో. బండి మారేదుంటే మాత్రం నా కొడుకును పంప." మగ్గం ఆమె మాట దాటేవాడు కాదు.

నాకు ఇదంతా చాదస్తంగా తోచింది. బ్రాంచిలో నా పరువు ఏం కావాలి? "గిదేం ముచ్చటరా! ఒక్కని కోసం అందరం ఆగుతమా? వాడు లేకుంటే ముగ్గురం పోదాం," అన్నాను. మగ్గం అప్పుడు నా పక్కనే ఉన్నాడు, సాసర్‌లో చాయ్ పోసుకుంటున్నాడు. కొంచెం తొణికింది. తుడుచుకుని, "అవునురా, నా కోసం ఆగకుండ్రి. మీరు పోయి రాండ్రి. ఫోటోలు మాత్రం మంచిగ దిగుండ్రి," అన్నాడు, నవ్వుతూనే. పాస్టర్ లేచి, చెప్పులు వేసుకుని, "గట్లైతే నేను గూడ రాను," అన్నాడు. లోకో నన్ను ఎగాదిగా చూశాడు. "ఇగ మనిద్దరం పోయి ఏం జేస్తం? నీ ఉపన్యాసం నేనొక్కన్ని వినాల్నా?" అని వాడూ లేచాడు. ప్రెసిడెంటు ఒక్కడే మిగిలాడు, నాలుగు ఖాళీ సాసర్లతో.

బుద్ధున్నవాడైతే అక్కడితో ఆగేవాడు. నేను మర్నాడు కాశిబుగ్గ పోయాను, క్షమాపణ చెప్పడానికి కాదు, మగ్గం వాళ్ళమ్మ మనసు మార్చడానికి. ఆమె అరుగు మీద రాట్నం ముందు కూచుని కండెలు చుడుతోంది. నన్ను చూసి లేచి వేడి సర్వపిండి పెట్టింది. దాన్ని తింటూ నేను మొదలుపెట్టాను: ఢిల్లీ స్టేషన్‌లో పెద్ద పెద్ద బోర్డులుంటాయి, మైకులో చెబుతారు, నేను బ్యాంకు ఉద్యోగిని, మీవాడి చెయ్యి పట్టుకుని బండి మారుస్తాను. లోపల్నుంచి మగ్గం టకటక వినబడుతూనే ఉంది. దాని మీదుగా వినబడాలని గొంతు పెంచి మరీ చెబుతున్నాను. ఆమె అంతా ఓపిగ్గా విని, "జర లేసి నిలబడు బిడ్డా," అంది. నిలబడ్డాను. భుజం దగ్గర్నుంచి పాదం దాకా జానలు వేసి కొలిచింది.

"ఏందమ్మా గిది?"

"మావోడు మీ అందరికీ దుప్పట్లు నేస్తాండు. ఆడ సలి గట్టిగుంటదట గదా. రెండైనయి. నువ్వు పొడుగోనివి, అందరి కొల్త నీకు సాలదని నీది పొడుగు వెట్టిండు. సాలుతదో లేదోనని నేను సూస్తాన్న."

"నాది ఎప్పుడు మొదలువెట్టిండు?"

"నిన్న పొద్దుగూకినంక. నువ్వే పోకపోతివిరా, ఇంక నేసుడెందుకు అన్న. నేను పోకుంటే వాళ్ళకు సలి వెట్టదా అమ్మా అన్నడు."

నిన్న పొద్దుగూకినంక అంటే చాయ్ హోటల్ నుంచి నేరుగా వచ్చి అన్నమాట. చేతిలో ఉన్న సర్వపిండి ముక్కను పళ్ళెంలో పెట్టేశాను. బోర్డుల గురించీ మైకుల గురించీ ఇంకా చాలా సిద్ధం చేసుకొచ్చాను. అవన్నీ ఎక్కడికి పోయాయో తెలియదు. చివరికి, "బండి మారం అమ్మా. గీడ ఎక్కుతం, జమ్మూల దిగుతం," అన్నాను.

"మల్ల ఇప్పటిదాక ఢిల్లీ ఢిల్లీ అంటివి?"

"అది తప్పమ్మా."

"నువ్వే జెప్తాన్నవా?"

"నేనే."

"అయితే పంపుత," అని మళ్ళీ రాట్నం ముందు కూచుంది. లోపల టకటక ఆగింది. మగ్గం తల బయటికి పెట్టి, "నీ గొంతు వాడకంతా ఇనవడుతాందిరా. ఇంకో ముక్క తిను," అన్నాడు. అంతకు మించి ఆ విషయం వాడు ఆ రోజూ ఎత్తలేదు, తర్వాతా ఎత్తలేదు. (లోకో, పాస్టర్ మాత్రం ఇప్పటికీ ఎత్తుతారు.) బ్రాంచిలో సంగతి తెలిసి, మేనేజరు నన్ను బదిలీ అయ్యేదాకా "ఏం కుఫ్రీ, బాగున్నవా" అనే పలకరించాడు.

ఫిబ్రవరిలో బయల్దేరాం. బండిలో మగ్గం వాళ్ళమ్మ నియమాన్ని ఎంత నిష్ఠగా పాటించాడంటే, ఏ స్టేషన్‌లోనూ నీళ్ళకు కూడా దిగలేదు. నడుమ ఒకచోట ఇంజన్ మారుస్తుంటే వాడి ముఖం పాలిపోయింది. "ఫికర్ చేయకురా, బండి మారలే, ఇంజనే మారింది," అని లోకో అరగంట సముదాయించాడు. "సరే గని, అమ్మకు చెప్పకుండ్రి," అన్నాడు. జమ్మూలో దిగి బస్సెక్కాం. కొండల్లో కొంతదూరం పోయాక బస్సు ఆగిపోయింది. ముందు మంచు విపరీతంగా పడి రోడ్డు మూసేశారు, ఎప్పుడు తెరుస్తారో తెలియదన్నాడు డ్రైవరు. గుల్‌మార్గ్ లేదు. నేను అలవాటు కొద్దీ, "నేను ముందే చెప్పిన, కుఫ్రీ అయితే..." అనబోయి, ముగ్గురి ముఖాలూ చూసి ఆపేశాను. పాస్టర్ దిగులుగా డ్రైవర్ని అడిగాడు, దగ్గర్లో ఎక్కడైనా మంచు ఉంటుందా అని. డ్రైవరు వాణ్ణి జాలిగా చూసి, చేత్తో కిటికీ అద్దం మీది ఆవిరి తుడిచాడు. బయట అంతా తెలుపే. చెట్లూ, ఇంటి కప్పులూ, రోడ్డు పక్క రాళ్ళూ, అన్నీ. ఎక్కడికి పోదామని అంత కొట్లాడుకున్న వాళ్ళం, వచ్చేశామని ఒకరు చెబితే గానీ చూడలేదు.

ఆ ఊరు పట్నీటాప్. ఒక గుడారంలో స్కీలు అద్దెకిచ్చే ఉస్తాద్ మమ్మల్ని ఒక చిన్న వాలు మీద నిలబెట్టాడు. మగ్గం నేసిన దుప్పట్లు కప్పుకుని, నడుముకు తాళ్ళు కట్టుకుని, క్యాలెండర్ మనిషికీ మాకూ ఏ పోలికా లేకుండా నిలబడ్డాం. దిగాం, పడ్డాం. లేచి మళ్ళీ పడ్డాం. నలుగురం పెదాలు బిగించుకుని, చప్పుడు లేకుండా పడుతుంటే ఉస్తాద్ ఆశ్చర్యపోయాడు. కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరైనా కేకలు పెడతారు, మీరు ఇంత నిమ్మళంగా పడటం ఎక్కడ నేర్చుకున్నారని అడిగాడు.

"వరంగల్‌ల," అన్నాడు లోకో.

"అక్కడ కూడా మంచు పడుతుందా?"

మగ్గం దుప్పటి దులుపుకుంటూ, "చాలా పడ్తది సాబ్. సాలుకు రెండు పంటలు," అన్నాడు మా ఉర్దూలో. ఉస్తాద్ తల ఊపాడు. ఆయన ఇప్పటికీ నమ్ముతూ ఉండి ఉంటాడు.

మగ్గం వాళ్ళమ్మ ఇప్పుడు లేదు. ఆ రైసుమిల్లు కూడా లేదు. లోకో రిటైరై కాజీపేటకే వచ్చేశాడు, పాస్టర్ ఇంకా కునుకుతూనే ఉన్నాడు. ఇంట్లో పిల్లలు సెలవులకు ఎక్కడికి పోదామని వాదించుకుంటుంటే నేను నోరు మూసుకుని వింటాను. ఓర్పు వచ్చిందని మా ఆవిడ అనుకుంటుంది. చలికాలం వచ్చిందంటే ఆ దుప్పటి పెట్టెలోంచి తీస్తాను. అప్పుడు కొలిచి నేసినప్పుడు సరిగ్గా పాదాల దాకా వచ్చేది. ఇప్పుడు బెత్తెడు దాకా మిగులుతోంది. వయసుతో నేనే కుంచించుకుపోయానని డాక్టరు అంటాడు. మగ్గం మాత్రం, "నీ ఎత్తు ఎప్పటికైనా తగ్గుతదని నాకు ఎరికేరా, అయినా పొడుగే వెట్టిన," అంటాడు. మిగిలిన ఆ బెత్తెడు పాదాల కింద మడుచుకుని, వెచ్చగా పడుకుంటాను. కుఫ్రీ నేను ఇప్పటిదాకా చూడలేదు.