భయపెట్టని దయ్యం సినిమా

ఇరవై ఏళ్లుగా బస్సు నడుపుతున్న ఆయనకు సెలవురోజు భార్యతో సినిమాకు వెళ్లడం ఒక్కటే సరదా. ఈ మధ్య అదీ రుచించడం లేదు.

"దయ్యం సినిమాట, దయ్యం! చీమ కుట్టినంత భయమైనా వేయలేదు. పోయినవారం కామెడీలో అందరూ నోట్లో గుడ్డలు కుక్కుకుని మాట్లాడారు. వీటికన్నా ఫైటింగులే నయం," అన్నాడు హాలు మెట్లు దిగుతూ.

ఇందాక తెరమీద తలుపు కిర్రుమన్నప్పుడల్లా ఆమె ఉలిక్కిపడింది. ఆ కామెడీకి హాలంతా పగలబడి నవ్వింది.

"ఏవండీ, ఒకసారి చెవులు డాక్టరుకి చూపిద్దామా?" అంది వెనకనుంచి.

ఆయన దిగిపోతూనే ఉన్నాడు. ఆమె గబగబా వెళ్లి, ఎదురుగా నిలబడి మళ్లీ అడిగింది.

ఆయన ఆమె పెదవులనే చూశాడు.

"చూపిస్తే ఇక స్టీరింగు ముట్టుకోనివ్వరే," అన్నాడు.