విమలాంటీ కొంగులో డాంగిల్

ఈ ఉదయం మోతీనగర్‌లో బస్సెక్కితే, ముందు సీట్లో ఒకావిడ కొంగు చివర చిన్న ముడి కనిపించింది. లోపల చిల్లరేదో ఉండి ఉంటుంది.

నిన్న సాయంత్రం పాత ఆఫీసు నుంచి యాదగిరి గారు ఫోన్ చేసి, "విమలమ్మ పోయిందమ్మా. హార్ట్ ఎటాక్" అన్నారు. నేను "సరే సార్" అని పెట్టేశాను.

బస్సులో ఆ ముడి చూశాక ఏడుపొచ్చింది.

మా ఫిల్మ్ నగర్ ఆఫీసులో సీన్ పేపర్లు టైప్ చేసేది విమలాంటీ. రైటర్లు చేత్తో గీకి పంపిన డైలాగులు ఆవిడ తప్ప ఎవరూ చదవలేరు. నేను డిగ్రీ అయ్యాక ఆవిడకు సాయంగా అక్కడ చేరాను. మేనేజర్ యాదగిరి గారు.

ఆంటీ వాడే తెలుగు సాఫ్ట్‌వేర్ ఏనాటిదో. దాన్ని చేసిన కంపెనీయే మూతపడింది. తాళంచెవిలా, బొటనవేలంత USB డాంగిల్ గుచ్చితేనే తెరుచుకుంటుంది. అదీ పాత విండోస్‌లోనే.

పాత కంప్యూటర్ చచ్చిపోయాక, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఆంటీ అల్లుడు వచ్చి కొత్త సిస్టంలో వర్చువల్ మెషీన్ పెట్టి వెళ్లాడు. అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్. పాత విండోస్ అందులో ఉంటుంది.

డాంగిల్ గుచ్చగానే దాన్ని బయటి కంప్యూటర్ పట్టేసుకుంటుంది. మెనూలోకి వెళ్లి, USB లిస్టులో దాని పేరు క్లిక్ చేస్తేనే లోపలి దానికి అందుతుంది. ఒకసారికి ఒక్కరి దగ్గరే ఉంటుంది. ఇంతే విషయం.

ఇంతే విషయాన్ని ఆవిడకు ఎన్ని ఉదయాలు చెప్పానో!

"అమ్మాయ్, కాన్వెంటు పిల్లా! ఇది లోపలికి పోవట్లేదే!"

చదువుతున్న పుస్తకం మూసి లేచి వెళ్లేదాన్ని. ఆవిడ కొంగు ముడి విప్పి డాంగిల్ తీసేది. దొంగలు పడతారని ఇంటికి తీసుకెళ్లేది మరి. ఒకసారి చీరతో పాటు సర్ఫ్‌లో నానబెట్టి, బియ్యం డబ్బాలో ఆరబెట్టి తెచ్చింది. దాన్ని నేను గుచ్చాలట.

యాదగిరి గారు మొదటినుంచీ చెబుతూనే ఉన్నారు. "విమలమ్మా, గా పాతది ఇడిసిపెట్టు. అందరు కొత్త యూనికోడ్ల కొడ్తున్రు. గది తెరుసుకోని రోజు నువ్వు ఇంటికే."

"నా వేళ్లకి ఇదొక్కటే తెలుసండీ" అనేది ఆంటీ.

ఆ రోజు రానే వచ్చింది. జూబ్లీ హిల్స్‌లో ఒక బంగళాలో షూటింగ్. పేపర్ల కోసం డ్రైవర్ గేటు దగ్గర హారన్ కొడుతున్నాడు. నేను ఆఫీసుకు వచ్చేలోపు ఆంటీ తనే లిస్టు తెరిచి, డాంగిల్ బదులు మౌస్‌ని లోపలికి పంపించేసింది. బయట స్క్రీన్ మీద బాణం మాయం. ఏదీ కదలదు.

"ఏం చేశారాంటీ?"

"పైన ఉన్నది నొక్కా. ఇంగ్లీషులో అన్నీ ఒకేలా ఏడిచాయి!"

మౌస్ వైరు పీకి, మళ్లీ పెట్టి, డాంగిల్ లోపలికి పంపాను. వెనక యాదగిరి గారు నిలబడి ఉన్నారు. "ఏందమ్మా గిది? ఒక్క పేపర్‌కు ఇద్దరు మనుషులా?"

"మరి! తాళం తీయడం ఈ పిల్లకొచ్చు, టైపింగ్ నాకొచ్చు. ఇద్దరిలో ఎవరు లేకపోయినా మీ షూటింగ్ ఆగుద్ది సార్" అంది ఆంటీ, తల తిప్పకుండా.

ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయారు.

తర్వాత నాకు కామెర్లొచ్చి కొన్నాళ్లు సెలవు పెట్టాను. పక్క మీద నా బెంగంతా ఆ డాంగిలే. ఎవరు పంపుతారు, ఆంటీని ఇంటికి పంపేస్తారేమో అని. ఆఫీసు నుంచి ఒక్కసారి కూడా ఫోన్ రాలేదు.

తిరిగొచ్చి చూస్తే అన్ని రోజుల పేపర్లూ టైప్ అయి ఉన్నాయి. ఒక్క రోజూ ఆగలేదు.

కుర్చీలో కూర్చున్నానో లేదో, "అమ్మాయ్, ఇది లోపలికి పోవట్లేదే!"

ఒళ్లు మండిపోయింది. జీవితంలో మొదటిసారి ఒకరి మీద అరిచాను. "ఆంటీ, మీకు వచ్చు! ఇన్నాళ్లూ మీరే చేసుకున్నారు!"

"ఇష్! నెమ్మదిగా ఏడువు" అని నా చేయి గిల్లింది. ఆ వెంటనే పక్క గదిలోకి వినిపించేలా, "పిల్లొచ్చింది సార్! ఇక రోజూ ఫోన్లో అడక్కుండానే తాళం తెరుచుకుంటుంది!" అంది.

ఆ తర్వాత కూడా నేనక్కడ ఉన్నన్నాళ్లూ రోజూ లేచి వెళ్లి ఆ ఒక్క క్లిక్కూ చేశాను. విసుక్కోని రోజు లేదు.

ఆంటీ, మీ మీద ఇంకా కోపంగానే ఉంది. వెళ్లి రండి. అక్కడైనా ఎవరూ పేపర్ల కోసం హారన్ కొట్టకుండా, ప్రశాంతంగా ఉండండి.

ఆ ఆఫీసులో నన్ను చేర్చుకున్నది విమలాంటీ పని నాకు నేర్పించి, ఆవిడను మాన్పించడానికి. నాకు చాలా ఆలస్యంగా తెలిసిన ఆ సంగతి, నేను చేరిన రోజే ఆవిడకు తెలుసు.